హ్యాండిల్‌ను ఎత్తితే ఏమేమి కదులుతాయి

మోటారు సైకిల్‌కు ఎత్తైన హ్యాండిల్ బిగించుకోవాలనుకునేవారు మొదట అడిగేది రాడ్డు ధర. ఆ పని మొత్తంలో తేలికైన భాగం ఆ రాడ్డే. నాలుగు బోల్టులు విప్పితే పాతది చేతికి వస్తుంది, నాలుగు బిగిస్తే కొత్తది కూర్చుంటుంది. చిక్కంతా దాన్ని అంటిపెట్టుకొని ఉన్నవాటితోనే: క్లచ్ కేబుల్, ఎక్సిలేటర్ కేబుల్, ముందు బ్రేకు గొట్టం, రెండు పక్కల స్విచ్చుల తీగలు. తయారీదారు వీటన్నిటినీ పాత ఎత్తుకు సరిపడా కొలిచి కోశాడు. రాడ్డు మూడు అంగుళాలు లేస్తే ఇవీ లేవాలి. లేవలేకపోతే ఆ సంగతి ఇంటి ముందు బయటపడదు. సాలూరు దాటాక ఘాట్‌లో హ్యాండిల్‌ను ఒక పక్కకు బాగా తిప్పవలసిన మలుపులో బయటపడుతుంది.

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో ఉండే మన తెలుగువాళ్లు ఎత్తు హ్యాండిల్ కోరడంలో సోకు కొంత ఉంటుంది, కాదనను. దానికి మించిన కారణాలూ ఉన్నాయి. 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు నుంచి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్‌కు ఎక్కి, మళ్లీ జయపురం వైపు దిగేవారికి దిగుడులో ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది. సంతకు సరుకు వేసుకెళ్లేవారు ట్యాంకు మీద ఒక మూట పెట్టుకుంటే తక్కువ ఎత్తు హ్యాండిల్ ఆ మూటకు తగులుతూ సరిగా తిరగదు. లోపలి ఊళ్ల రాళ్ల దారుల్లో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి నడపాల్సి వస్తే, కిందెక్కడో ఉన్న హ్యాండిల్‌ను అందుకోవడానికి నడుము వంచాలి. ఈ మూడూ న్యాయమైన కారణాలే. నాలుగోది నడుము నొప్పి. అక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

నడుము నొప్పి అని హ్యాండిల్ మార్చేవారిలో చాలామందికి కావలసింది ఎత్తు కంటే దగ్గరతనం. చేతులు చాచి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు భుజాలు ముందుకు వంగి, వాటి వెంట నడుమూ వంగుతుంది. దీన్ని తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, సీటులో రోజూ కూర్చునే చోటే కూర్చోండి. కళ్లు మూసుకొని, మోచేతులు కొద్దిగా వంచి, చేతులు వాటంతట అవి ఎక్కడ ఆగితే సుఖంగా ఉంటుందో అక్కడ ఆపండి. పక్కన ఇంకొకరు టేపు పట్టుకొని మీ అరచేతికీ గ్రిప్పుకూ మధ్య దూరాన్ని రెండు ముక్కలుగా కొలవాలి: పైకి ఎంత, వెనక్కి ఎంత. పైకి రెండు సెంటీమీటర్లు, వెనక్కి ఐదు వచ్చిందంటే మీ రోగానికి ఎత్తు మందు కాదు.

మరీ ఎత్తు పెంచితే జరిగేది వేరే. వెన్ను నిట్టనిలువుగా నిలబడుతుంది. కొద్దిగా ముందుకు వాలి కూర్చున్నప్పుడు గోతి దెబ్బలో కొంత చేతులూ కాళ్లూ పంచుకుంటాయి. నిటారుగా కూర్చుంటే చక్రం నుంచి వచ్చిన దెబ్బ సీటు గుండా నేరుగా వెన్ను అడుగుకు చేరుతుంది. అంటే భుజాల నొప్పి పోయి, నొప్పి ఇంకో అడుగు కిందికి దిగుతుంది. ఇక చేతులు భుజాల ఎత్తు దాటితే వేళ్లు తిమ్మిరెక్కడానికి ఎంతోసేపు పట్టదు. పోస్టర్లలో బాగుండే ఆ హ్యాండిళ్లు జయపురం నుంచి మల్కన్‌గిరి వెళ్లి వచ్చే మనిషి కోసం చేసినవి కావు.

డబ్బు పెట్టే ముందు చేసి చూడవలసిన పని, ఉన్న రాడ్డునే క్లాంపుల్లో, అంటే దాన్ని బండికి పట్టి ఉంచే బిగింపుల్లో, వదులు చేసి కాస్త మీ వైపుకు తిప్పడం. కొద్ది డిగ్రీలు తిప్పినా గ్రిప్పులు రెండు మూడు సెంటీమీటర్లు జరుగుతాయి. తిప్పాక లీవర్ల వాలు మళ్లీ సరిచేసుకోవాలి: లీవరు మీద వేళ్లు పెట్టినప్పుడు మణికట్టు విరిగినట్లు ఉండకుండా, ముంజేతికి తిన్నగా రావాలి. దీంతోనే సరిపోయేవారు తక్కువేమీ కాదు.

అది చాలకపోతే రైజర్లు. పాత రాడ్డునే ఉంచి, దాని క్లాంపుల కింద పెట్టే లోహపు దిమ్మెలవి. ఇక్కడ ఒక చిన్న లెక్క తెలిస్తే మంచిది. బండి ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్లు, నిలువుగా ఉండవు; ఎక్కువ బళ్లలో 24 నుంచి 28 డిగ్రీల దాకా మన వైపు వాలి ఉంటాయి. రైజరు కూడా ఆ వాలులోనే లేస్తుంది. 26 డిగ్రీల బండికి 30 మిల్లీమీటర్ల రైజరు వేస్తే గ్రిప్పు దాదాపు 27 మిల్లీమీటర్లు పైకి, 13 మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. అంటే ఒకే దిమ్మె రెండు పనులూ కొంచెం కొంచెం చేస్తుంది. 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా చాలా బళ్లలో పాత కేబుళ్లే అందుతాయి. నా ఉద్దేశంలో ఘాట్ మీద రోజూ తిరిగేవారిలో ఎక్కువమందికి ఇక్కడితో పని అయిపోవాలి.

రైజరులో మోసం బోల్టుల దగ్గర ఉంటుంది. దిమ్మె ఎంత ఎత్తుంటే బోల్టు అంత పొడుగు కావాలి. పాత బోల్టే అందీ అందనట్లు నాలుగు మరలు పట్టుకుంటే చాలనుకోవడం ప్రమాదం. కింద ఉన్నది అల్యూమినియం. అందులోకి బోల్టు తన మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి దిగాలి; 8 మిల్లీమీటర్ల బోల్టైతే 12 మిల్లీమీటర్లు. కొన్ని బళ్లలో క్లాంపుల కింద రబ్బరు బుష్‌లు ఉంటాయి. వాటి మీద ఎత్తైన రైజరు వేస్తే, అదురు తగ్గించడానికి పెట్టిన ఆ రబ్బరే హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊగిస్తుంది.

ఇంకా ఎత్తు కావాలన్నవారికే కొత్త రాడ్డు. ముందుగా మీ బండి రాడ్డు మార్చడానికి వీలైన జాతిదో కాదో చూసుకోవాలి. స్ప్లెండర్, బుల్లెట్, హిమాలయన్ వంటివాటిలో ఒకే గొట్టాన్ని వంచి చేసిన హ్యాండిల్ ఉంటుంది. అది మార్చడం సులువు. యమహా ఆర్15 వంటివాటిలో కుడి ఎడమలకు రెండు ముక్కలు విడివిడిగా ఫోర్కులకు పట్టుకొని ఉంటాయి. అలాంటి బండికి గొట్టపు హ్యాండిల్ పెట్టాలంటే ఫోర్కులను పైన కలిపి పట్టే ప్లేటునే మార్చాలి, పైగా ముందున్న ప్లాస్టిక్ తొడుగు (ఫెయిరింగ్) అడ్డం వస్తుంది. దాన్ని ఇంటి పనిగా ఎవరికీ చెప్పను.

గొట్టపు రాడ్డుకు లావు ముఖ్యం. మన దగ్గర తిరిగే బళ్లలో ఎక్కువగా కనబడేది 22.2 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. కొన్ని బరువైన క్రూజర్లకు 25.4. మధ్యలో 28.6 ఉండి గ్రిప్పుల దగ్గరకు వచ్చేసరికి 22 అయ్యే రకమూ ఉంది. వెల్డింగు షాపులో నీళ్ల గొట్టంతో హ్యాండిల్ చేయించుకునే తెలివి వినిపించినప్పుడల్లా ఒక అంకె గుర్తుచేయాలి: అరంగుళం జీఐ పైపు బయటి కొలత సుమారు 21.3 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు. కానీ క్లాంపు చివరిదాకా మూసుకున్నా దాన్ని గట్టిగా పట్టుకోదు. పాత రాడ్డును మధ్యకు కోసి ముక్క అతికించి ఎత్తు చేయడం అంతకంటే ఘోరం. ఒకే సిలిండరు ఇంజన్ అదురు పగలూ రాత్రీ ఆ అతుకు పక్కనే పనిచేస్తుంది. వెల్డు పూస చెక్కుచెదరకుండా ఉండి, దాని అంచున గొట్టం పగులుతుంది. పైన పెయింటు ఉంటే ఆ పగులు విరిగే రోజు దాకా కనబడదు.

క్లాంపు పట్టు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. దిగుడులో గట్టిగా బ్రేకు వేసినప్పుడు మనం హ్యాండిల్‌ను ముందుకు నెడతాం. ఆ నెట్టుడు రాడ్డును క్లాంపులో గిర్రున తిప్పాలని చూస్తుంది. గ్రిప్పు క్లాంపు కంటే 10 సెంటీమీటర్లు ఎత్తున ఉన్నప్పుడు ఎంత తిప్పుడు బలం పడుతుందో, 25 సెంటీమీటర్లు ఉంటే దానికి రెండున్నర రెట్లు పడుతుంది. క్లాంపులూ బోల్టులూ మాత్రం పాతవే. అందుకే కొత్త రాడ్డు కొనేటప్పుడు మెరుపు కంటే ముందు మధ్య భాగాన్ని చూడాలి: క్లాంపు పట్టే చోట గొట్టం మీద సన్నని గరుకు గాట్లు ఉండాలి, గోడ మందంగా ఉండాలి. చేతిలో తేలిగ్గా ఉన్న ఇనుప రాడ్డును వెనక్కి ఇచ్చేయండి. బిగింపు విషయంలో చేతి అంచనాను నమ్మకూడదు. 8 మిల్లీమీటర్ల క్లాంపు బోల్టులకు బిగింపు బలం సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది గాని, మీ బండి సర్వీసు పుస్తకంలోని అంకే చివరి మాట. బిగింపు బలాన్ని కొలిచి చూపే పానా, టార్క్ రెంచి, లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోవాలి. క్లాంపు ముందు బోల్టు, వెనక బోల్టు వరసలో ఏది మొదట పూర్తిగా బిగించాలో, ఎటు పక్క సందు మిగలాలో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. బళ్లను బట్టి అది మారుతుంది.

ఇక కేబుళ్లు. ఎంత పొడుగువి కావాలో ఊహించి కొనడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. కొత్త రాడ్డును తాత్కాలికంగా బిగించి, పాత కేబుల్ వెళ్లే దారిలోనే ఒక లావుపాటి తాడు పరచండి. పాత బ్రేకు కేబుల్ పైతొడుగు దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే తాడు మలుపుల్లో మడిగినట్లు కేబుల్ మడగదు. హ్యాండిల్‌ను ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి, ఎటు ఎక్కువ పొడుగు అడిగితే ఆ కొలత తీసుకొని రెండు మూడు సెంటీమీటర్లు కలపండి. మరీ ఎక్కువ కలిపితే ఆ వదులు ఉచ్చులా మలుపు తిరిగి, లోపలి తీగ రాపిడి పెరిగి క్లచ్ బరువెక్కుతుంది.

కేబుల్‌కు రెండు పొడవులు ఉంటాయన్నది చాలామంది మరిచే సంగతి: పైతొడుగు పొడవు, లోపలి తీగ పొడవు. పనిచేసేది ఈ రెండింటి మధ్య తేడా. తొడుగు 80 మిల్లీమీటర్లు పెంచితే తీగ కూడా సరిగ్గా 80 పెరగాలి. తేడా మారిందంటే క్లచ్ పూర్తిగా విడవదు, లేదా పూర్తిగా పట్టదు. సర్దుబాటు నట్టు ఆ తేడాను కొంతవరకే సరిచేయగలదు. తీగ చివర ఉండే లోహపు గుండును ఇంట్లో కాల్చి అతికించే ప్రయత్నం మాత్రం వద్దు. ఘాట్ మధ్యలో క్లచ్ తీగ ఊడితే నడిచి వెళ్లవచ్చు, డ్రమ్ము బ్రేకు తీగ ఊడితే ఆ అవకాశం కూడా ఉండకపోవచ్చు.

డిస్కు బ్రేకు ఉన్న బండికి లెక్క మారుతుంది. పాత గొట్టం అందితే దాన్ని విప్పే పనే పెట్టుకోకండి. మాస్టర్ సిలిండరును (బ్రేకు లీవరు దగ్గర ద్రవాన్ని నెట్టే భాగం) దాని ద్రవం డబ్బాతో సహా రాడ్డు నుంచి తీసి, నిటారుగానే ఉంచి, ఒక గుడ్డతో కట్టి పక్కన వేలాడదీస్తే చాలు. తలకిందులైతే లోపలికి గాలి చేరే వీలుంది. గొట్టం మార్చక తప్పకపోతే దాని రెండు కొసల్లో బోల్టుకు అటూ ఇటూ ఉండే మెత్తని లోహపు వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. అవి ఒక్కసారి నలిగి మూసుకోవడానికే పుట్టాయి. తరవాత గాలి తీయాలి. మనం బ్రేకు ఆయిల్ అని పిలిచే డాట్ 3, డాట్ 4 ద్రవాలు నూనెలు కావు. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి, పీల్చుకున్నకొద్దీ తక్కువ వేడికే మరుగుతాయి. కోరాపుట్ వానాకాలంలో మూత తీసి అటక మీద పెట్టిన పాత సీసాలోని ద్రవాన్ని, దిగుడులో బ్రేకులు వేడెక్కే బండికి పోయడం ఎంత అవివేకమో వేరే చెప్పనక్కరలేదు. పైగా అది పెయింటును తింటుంది. ట్యాంకు మీద దళసరి గుడ్డ కప్పి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకోవాలి.

గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి అయితే, గొట్టం విప్పవలసి వచ్చే ఎత్తును నేను వద్దనే అంటాను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, అంటే ఈ మాట చాలామందికి వర్తిస్తుంది. దాని పెట్టెలో చిక్కిన గాలిని తీయడానికి కొన్ని మోడళ్లకు సర్వీసు సెంటరులోని యంత్రం కావాలి. అలాంటి బండికి పాత గొట్టం ఎంతవరకు అందుతుందో అదే మీ ఎత్తుకు హద్దు.

తీగల పని చిన్నదే, ఓపిక కావాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. పొడుగు చాలకపోతే ఒకే చోట అన్నీ కోయకుండా ఒక్కో తీగనూ కాస్త దూరంలో కోసి, అదే మందం ముక్క టంకం వేసి, వేడికి ముడుచుకునే తొడుగు వేయాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులోకి ఇక్కడి పొగమంచు, వాన ఒక్క సీజనులో చేరిపోతాయి. స్విచ్ డబ్బాల లోపల చిన్న ముల్లు ఉంటుంది. అది రాడ్డులోని రంధ్రంలో కూర్చొని డబ్బా తిరిగిపోకుండా ఆపుతుంది. కొత్త రాడ్డుకు రంధ్రం లేకపోతే, లీవర్లూ డబ్బాలూ సరైన వాలులో పెట్టి గుర్తు గీశాకే డ్రిల్ వేయాలి. ఆ ముల్లునే గీకి పారేసేవాళ్లు ఉన్నారు. ఎక్సిలేటర్ పక్క అలా చేస్తే, మీరు పిడి తిప్పినప్పుడు డబ్బా కూడా దానితో తిరుగుతుంది. ఎక్సిలేటర్ పిడి లోపల గ్రీజు పూయకండి, దుమ్ము చేరి పట్టేస్తుంది. వదిలిన వెంటనే టక్కున వెనక్కి రావాలి.

అన్నీ కూర్చాక ఇంటి దగ్గరే చేయవలసిన పరీక్షలున్నాయి, వీటిలో ఒక్కటి కూడా వదలకూడదు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, బండి న్యూట్రల్‌లో ఉండగా హ్యాండిల్‌ను నెమ్మదిగా ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పండి. ఇంజన్ శబ్దం ఎక్కడైనా పెరిగితే ఎక్సిలేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. జయపురం ఘాట్ మలుపులో హ్యాండిల్ తిప్పగానే బండి తనంతట తాను ముందుకు దూకడం ఇదే. రెండు చివర్లలోనూ క్లచ్ నొక్కి చూడాలి, ముందు బ్రేకు నొక్కి వెనక లైటు వెలుగుతుందో చూడాలి, హారన్ మోగించాలి. హ్యాండిల్ కొసలు, పిడికిళ్లతో సహా, ట్యాంకుకు తగలకూడదు.

ఇంకో పరీక్షను అలవాటున్నవాళ్లు కూడా మరిచిపోతారు. బ్రేకు గొట్టం బండి స్టాండు మీద నిలబడినప్పుడు వదులుగానే కనబడుతుంది, ఎందుకంటే బరువుకు ఫోర్కులు కొంత కుంగి ఉంటాయి. ముందు చక్రం గోతి అంచున కిందికి జారినప్పుడు ఫోర్కులు పూర్తిగా చాచుకుంటాయి, చక్రం దగ్గర డిస్కును నొక్కి పట్టే కాలిపర్ కిందికి పోతుంది, గొట్టం అత్యంత బిగువుగా ఉండేది అప్పుడే. కాబట్టి ఇంజన్ కింద దిమ్మె పెట్టి ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, రెండు పక్కలకూ తిప్పి గొట్టం చూడాలి. ఆ స్థితిలోనూ కొంచెం వదులు మిగిలితేనే పని అయినట్లు. బ్రేకు ద్రవం డబ్బా కూడా హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు దాదాపు సమంగా ఉండాలి. బాగా వాలితే ద్రవం ఒక పక్కకు చేరి లోపలి రంధ్రం గాలిని పీలుస్తుంది.

రోడ్డు మీద తేడా ఎత్తును బట్టి, మోసే బరువును బట్టి ఉంటుంది. నిటారుగా కూర్చుంటే మీ బరువు వెనక చక్రం వైపుకు జరుగుతుంది. వెనక రెండు అల్లం మూటలు, ఎదురుగా ఎక్కుడు అయితే ముందు చక్రం మరీ తేలికైపోయి, మలుపులో తడి తారు మీద పట్టు ఇవ్వదు. సరుకు మోసే బండికి 30 మిల్లీమీటర్ల రైజరు దాటవద్దనడానికి ఇదే కారణం. దిగుడులో మాత్రం ఎత్తు హ్యాండిల్ నిజంగా సుఖం, అరచేతులకు విశ్రాంతి. అదే బండిని బరంపురం తీసుకెళ్లి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కిస్తే కథ తిరగబడుతుంది. వేగంలో గాలి ఛాతీకి కొడుతుంది, నిలదొక్కుకోవడానికి హ్యాండిల్‌ను లాగి పట్టుకుంటారు, ఆ లాగుడే ముందు చక్రాన్ని సన్నగా ఊగిస్తుంది. అద్దాలు కూడా ఎక్కువ అదురుతాయి. రాడ్డు కొసలకు బరువు దిమ్మెలు వేస్తే కొంత తగ్గుతుంది. హ్యాండిల్ ఒకవైపు లాగుతోందనిపిస్తే కొత్త రాడ్డును తిట్టే ముందు స్టీరింగ్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) చూపించుకోండి. తక్కువ హ్యాండిల్‌లో దాగిన దాని అరుగుదల, ఎత్తు హ్యాండిల్‌లో చేతికి తెలిసిపోతుంది.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణలో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో హ్యాండిల్‌కు గడి లేదు కాబట్టి ఏ బాధా లేదని వాదించేవారున్నారు. ఆ వాదన కోర్టులో ఎంత నిలిచినా, రోడ్డు పక్కన ఆపిన అధికారి ముందు నిలవడం కష్టం. మనకు సాలూరు వైపు ఒక రాష్ట్రం, సుంకి వైపు ఇంకో రాష్ట్రం. తయారీదారే తన మోడలుకు అనుబంధంగా అమ్మే రైజరో రాడ్డో దొరికితే అదే తీసుకొని బిల్లు ఉంచుకోవాలి, బీమా సంస్థకు రాసి తెలపాలి. బిగించాక మొదటి వంద కిలోమీటర్లకు క్లాంపు బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూసుకోవాలి. పాత రాడ్డు, పాత కేబుళ్లు పారేయకండి. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ కొనసాగింపు కోసం తనిఖీకి తీసుకెళ్లేటప్పుడో, బండి అమ్మేటప్పుడో వాటితో పని పడుతుంది.